పోలిష్ హల్లులు పట్టుబడాలంటే ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి

మీ ప్రశ్న సారాంశం ముందు రాస్తాను, తర్వాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుంది. మీరు ఉద్యోగం మీద పోలండ్‌లోని వ్రొౘ్వాఫ్ నగరానికి వెళ్లబోతున్నారు. అక్కడి సహోద్యోగులు ఫోన్లో మాట్లాడే ఇంగ్లీషు కొన్నిచోట్ల మీకు అందడం లేదు. పోలిష్ నేర్చుకుందామని పుస్తకం తెరిస్తే ప్రతి హల్లుకూ "ఇంగ్లీషులో ఫలానా మాటలో ఉన్నట్టు" అని రాసి ఉంది. అలా పలికితే వాళ్లకు అర్థం కావడం లేదు. ఈ రెండు భాషల హల్లులకు తేడా ఎక్కడుంది, తెలుగువారు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను క్రాకుఫ్‌లో స్థిరపడి చాలా కాలమైంది. పోలిష్ ఉద్యోగులకు ఇంగ్లీషు ఉచ్చారణ, భారతీయులకు ప్రాథమిక పోలిష్ నేర్పడం నా వృత్తి. మీ పుస్తకంలో తప్పేమీ లేదు, అది ఇంగ్లీషువారి కోసం రాసింది, అంతే. ఇంగ్లీషు నోటికి పోలిష్‌లో కష్టమైనవాటిలో సగం తెలుగు నోటికి పుట్టుకతోనే వచ్చు. మనకు కష్టమైనవి వేరే ఉన్నాయి, వాటిని ఆ పుస్తకం ప్రస్తావించనే ప్రస్తావించదు. అందువల్ల ఇంగ్లీషును మధ్యవర్తిగా పెట్టుకున్న తెలుగువారు తమకున్న సౌకర్యం వదులుకుని, లేని కష్టం నెత్తికెత్తుకుంటారు.

ముందు త, ద, న సంగతి. ఇంగ్లీషు ‘టెన్’లో మొదటి హల్లుకు నాలుక కొన పై పళ్ల వెనకనున్న చిగుళ్ల గట్టును తాకుతుంది. మన చెవికి అది ‘ట’లా వినిపిస్తుంది కాబట్టి ‘ట’ అనే రాసుకుంటాం. పోలిష్‌లోనూ సరిగ్గా అవే అక్షరాలతో రాసే మాట ఉంది, ‘ఈ’ అని అర్థం. దాన్ని ‘తెన్’ అంటారు, నాలుక పళ్లకే తగులుతుంది. ‘అవును’ అనడానికి ‘తాక్’, ఇంటికి ‘దొమ్’, ముక్కుకు ‘నొస్’. అన్నీ మన దంత్యాలే. ఇంగ్లీషు అక్షరాలు కనిపించగానే ‘టాక్’, ‘డొమ్’ అనడం మనకు బడిలో అబ్బిన అలవాటు. దాన్ని వదిలించుకుంటే పని అయిపోయినట్టే.

ప, త, కలకు ఇంకో తేడా ఉంది. ఇంగ్లీషులో నొక్కి పలికే చోట ఈ హల్లులు మాట మొదట వస్తే, పెదవులో నాలుకో విడిపోయాక కంఠనాదం మొదలయ్యేలోపు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఊపిరి బుస్సున బయటికి వస్తుంది. 1964లో ధ్వనిశాస్త్రజ్ఞులు లీ లిస్కర్, ఆర్థర్ ఏబ్రమ్‌సన్ ప్రచురించిన కొలతల్లో అమెరికన్ ఇంగ్లీషుకు ఈ వ్యవధి సగటున వరుసగా 58, 70, 80 మిల్లీసెకన్లు. పోలిష్‌లో మొదటి రెండింటికీ సుమారు 20 నుంచి 30 మాత్రమే, ‘క’కు కాస్త ఎక్కువ. అంటే పోలిష్ ‘ప’ మన ‘పలక’లోని ‘ప’. ఇంగ్లీషు ‘ప’ కొంతవరకు మన ఒత్తక్షరం వైపు మొగ్గుతుంది. ఇక బ, ద, గలకు పోలిష్‌వారు మనలాగే పెదవులు విడవకముందే గొంతు మోగిస్తారు. ఇంగ్లీషువారు మాట మొదట్లో ఆ మోతను తరచుగా ఎగ్గొడతారు. తాగడానికి పోలిష్‌లో ‘పిచ్’, కొట్టడానికి ‘బిచ్’. ఇంగ్లీషువారు రెండోది అన్నా పోలిష్ చెవికి మొదటిదే వినబడే ప్రమాదం ఉంది. అలాగే కోడికి ‘కురా’, కొండకు ‘గురా’. పరుష సరళాల భేదం కచ్చితంగా పాటించే తెలుగువారికి వీటిలో సాధన చేయవలసింది ఏమీ లేదు. మన ‘పిన్’ను లండన్‌లో ‘బిన్’ అని పొరబడవచ్చు గానీ వ్రొౘ్వాఫ్‌లో ఎవరూ పొరబడరు. వాళ్లూ అలాగే అంటారు మరి.

అసలు కథ ఊష్మాలది. పోలిష్ అంటే బుసలే అని పరాయివాళ్లు వెక్కిరించేది ఇక్కడే. ఇంగ్లీషులో ఈ జాతి ధ్వనులకు రెండు వరుసలు: ‘స’ వరుస, ‘షిప్’లోని ధ్వని వరుస. పోలిష్‌లో మూడు. దుకాణంలో డబ్బు కట్టే చోటును ‘కాసా’ అంటారు. ఉడకబెట్టుకు తినే ధాన్యపు నూకను ‘కాషా’ అంటారు. ‘కాశా’ అంటే కతజీనా అనే అమ్మాయి ముద్దుపేరు. మూడు మాటలకూ మధ్యనున్న ఒక్క హల్లే తేడా. రాతలో మొదటిది వట్టి ఎస్. రెండోది ఎస్, జెడ్ అక్షరాల జంట. మూడోది ఎస్ తర్వాత ఐ. పక్కన అచ్చు లేకపోతే ఎస్ మీద చిన్న వాలుగీత పెడతారు.

మన వర్ణమాలలో శ, ష, స అని మూడు గడులు సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లీషువారికి ఆ అదృష్టం లేదు. వాళ్ల ‘షిప్’ ధ్వని పోలిష్ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది, అందుకే ఆ పోలిక పనికిరాదు. కష్టం ఏమిటంటే మనలో చాలామంది మామూలు మాటల్లో శ, షలను కలిపేస్తాం. చిన్నప్పుడు పద్యం వల్లె వేయించిన మాస్టారు ఎలా పలికించేవారో గుర్తు తెచ్చుకోండి. ‘శ’కు నాలుక కొన కింది పళ్ల వెనక ఉంటుంది, నాలుక నడుము అంగిలి వైపు లేస్తుంది, పెదవులు పక్కలకు సాగుతాయి. ‘కాశా’లోని పోలిష్ మెత్తని ధ్వనికి ఇంతకంటే మంచి వర్ణన నా దగ్గర లేదు. ‘ష’కు నాలుక కొన పైకి లేస్తుంది, పెదవులు కాస్త ముందుకు వస్తాయి. పోలిష్‌వారు మనంతగా నాలుకను వెనక్కి మడవరు. చిగుళ్ల గట్టు వెనక ఆపితే చాలు. ఈ తేడా పట్టుబడకపోతే మొదటి రోజే చిక్కు వస్తుంది: ‘దయచేసి’ అనడానికి ‘ప్రొషె’, పందిపిల్లకు ‘ప్రొశె’. వాళ్లు నవ్వి ఊరుకుంటారనుకోండి.

చ, జల విషయంలో తెలుగువారికి ఇంకో సంపద ఉంది. చాప, చుక్క, చలి అన్నప్పటి ‘చ’, చీమ, చెట్టు, చేప అన్నప్పటి ‘చ’ ఒకటి కావు. మొదటిది దంత్యం. నిఘంటువుల్లో ౘ అని విడిగా చూపేది దాన్నే. జడ, జున్నులలోని ౙ కూడా అలాంటిదే. పోలిష్‌లో వట్టి సి అక్షరం ఎక్కడ కనిపించినా అది ఈ ౘ, ఎన్నడూ ‘క’ కాదు. ‘ఏమిటి’ అనడానికి ‘ౘొ’, రాత్రికి ‘నొౘ్’. డి, జెడ్ కలిస్తే ౙ: ‘చాలా’ అనడానికి ‘బార్ౙొ’. ఇంగ్లీషువారు ఈ ధ్వనిని మాట చివర ‘క్యాట్స్’ వంటి చోట సునాయాసంగా అంటారు గానీ మొదట్లో అనమంటే తడబడతారు. మనకు అది చాప పరిచినంత తేలిక. మెత్తని వరుసలోని చ, జలు మన చీమలో, జీలకర్రలో ఉన్నవే. అందుకే పోలిష్ పలకరింపు ‘జెఞ్ దొబ్రి’ మన నోట చక్కగా పలుకుతుంది: తాలవ్య ‘జ’, అసలైన ‘ఞ’, ఆ తర్వాత దంత్య ‘ద’.

మనకు లేనిది మధ్య వరుసలోని, అంటే ‘ష’ ఉన్న గట్టి వరుసలోని ‘చ’, సి, జెడ్ కలిపి రాసేది. ‘ట్’, ‘ష్’ రెండింటినీ ఒకే ఊపులో కలిపితే దాదాపు వస్తుంది. కాలాన్ని ‘ట్షాస్’ అంటారు. ‘ఏడుపు’ అనే మాటకు చివర ఈ గట్టి ధ్వని, ‘డబ్బు కట్టు’ అనే మాటకు చివర మన మెత్తని ‘చ్’. మిగతాదంతా ఒకటే. ఇంగ్లీషు ‘చీజ్’లోని ‘చ’ వీటి మధ్యన ఉండి ఎవరికీ చెందకుండా పోతుంది. ఇంకో మెట్టు పైకి వెళ్తే, శుభ్రమైనది అనే మాట, మూడు వందలు అనే మాట పోలిష్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో ‘ట్’, ‘ష్’ అంటుకుపోయి ఒక హల్లు, రెండోదానిలో విడివిడిగా రెండు. క్రాకుఫ్‌లో మామూలు మాటల్లో ఆ తేడా కూడా వదిలేస్తారు. కాబట్టి దీని గురించి ఇప్పుడే బెంగపడకండి. మజోఫ్‌షె వంటి ప్రాంతాల పల్లె మాండలికాల్లో గట్టి వరుసంతా ‘స’ వరుసలో కలిసిపోయింది కూడా.

ఇక నిజంగా మనకు లేనిది జెడ్ ధ్వనుల కుటుంబం. జూ, మెజర్, జడ్జి అనే మూడు ఇంగ్లీషు మాటల్నీ మనం ఒకే ‘జ’తో రాస్తాం, చాలామంది ఒకేలా పలుకుతాం కూడా. పోలిష్‌లో ఆ స్థానంలో ఆరు హల్లులున్నాయి: ఊదేవి మూడు, వాటికి తోడు ముందు ‘ద’ అదుముడుతో మొదలయ్యేవి మూడు. మొదట ఊదేవి నేర్చుకోండి. పద్ధతి సులువు: కాసా, కాషా, కాశా అంటూ నాలుకను ఎక్కడికక్కడ ఉంచి గొంతు మోగించండి. గొంతు మీద వేలు పెట్టుకుంటే కంపనం తెలుస్తుంది. ఊపిరి ఎక్కడా ఆగకూడదు. ఆగితే అది ‘జ’ అయిపోతుంది. చారల గుర్రాన్ని పోలిష్‌లోనూ ‘జెబ్రా’ అనే అంటారు, మొదటి ధ్వని ఇంగ్లీషు ‘జూ’లోది. అదే మాటను ‘మెజర్’ ధ్వనితో మొదలుపెడితే పక్కటెముకలని అర్థం. తుఫానుకూ పసిపాప మొహానికీ ఉన్న తేడా కూడా ఇలాంటిదే: ‘బుజా’లో మధ్య ధ్వని గట్టిదైతే తుఫాను, మెత్తనిదైతే ముద్దుమొహం. ఆ తుఫానును రాసేది ఆర్, జెడ్ కలిపి. ఒకప్పుడు అది ‘ర’తో కూడిన వేరే ధ్వని. చెక్ భాషలో సంగీతకర్త ద్వోర్జాక్ పేరు నడుమ అది ఇప్పటికీ ఉంది. పోలిష్‌లో అది గట్టి జెడ్‌లో కలిసిపోయింది, రాత మాత్రం మిగిలింది.

మనకున్న రెండో లోటు ‘వ’. తెలుగు ‘వ’ పెదవి పళ్లకు తగిలీ తగలనట్టు ఉంటుంది. దానితోనే ఇంగ్లీషులోని రెండు ధ్వనుల్నీ నెట్టుకొస్తాం. పోలిష్‌లోనూ ఇంగ్లీషులో ఉన్నట్టే రెండూ వేరు, అక్షరాలు మాత్రం తారుమారు. డబుల్యూ అక్షరాన్ని పై పళ్లు కింది పెదవికి ఆన్చి పలకాలి. ఎల్ మీద అడ్డగీత ఉంటే పెదవులు గుండ్రంగా చుట్టి ‘వ’ అనాలి. దూది, బట్టకు వేసే మాసిక రెండూ మన నోట ‘వాతా’ అయిపోతాయి. వాళ్లకు అవి వేర్వేరు మాటలు. అద్దం ముందు నిలబడి సాధన చేయవలసింది ఇదొక్కటే. పైగా దీని ఫలితం మీ ఇంగ్లీషుకూ అందుతుంది. అడ్డగీత ఎల్ వెనకటికి ఇంగ్లీషు ‘మిల్క్’లోని బరువైన ‘ల్’ లాంటిదే. 1945 తర్వాత వ్రొౘ్వాఫ్‌లో జర్మన్లు పోయి, వారి చోట తూర్పు నుంచి, ముఖ్యంగా నేటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నుంచి వచ్చిన పోలిష్ కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ తరం పెద్దల నోట పాత ‘ల’ వినిపించేది. ఇప్పుడది అరుదు, మీరు నేర్చుకోనక్కరలేదు.

మాట చివర ఏం జరుగుతుందన్నది మీ సహోద్యోగుల ఇంగ్లీషుకు అసలు తాళంచెవి. పోలిష్‌లో మాట చివరి సరళం పరుషమవుతుంది. రొట్టెను ‘బి’ అక్షరంతో ముగించి రాస్తారు, ‘హ్లెప్’ అంటారు. కోడ్, పిల్లి అనే రెండు మాటలూ ‘కొత్’ అనే వినిపిస్తాయి. బహువచనంలో అచ్చు తోడైనప్పుడు ‘కొది’, ‘కొతి’ అని ద, తలు తిరిగి బయటపడతాయి. ఊరి పేర్లు కూడా ఇంతే. మీరు వెళ్లే నగరం పేరులో సి ఉంది కాబట్టి ౘ, అడ్డగీత ఎల్ కాబట్టి గుండ్రని ‘వ’, చివరి డబుల్యూ ‘ఫ్’ అయిపోయింది: వ్రొౘ్వాఫ్. రాతలో ఎల్, ఓ, డి, జెడ్ కనిపించే ఇంకో పెద్ద నగరాన్ని బయటివారు ‘లాడ్జ్’ అంటారు. అక్కడివారు ‘వుచ్’ అంటారు. ‘వుచ్ నగరపు’ అనేటప్పుడు ‘వొజి’ అవుతుంది, దాగిన ‘జ’ మళ్లీ పైకి తేలుతుంది.

రెండు హల్లులు పక్కపక్కన వస్తే రెండోది మొదటిదాన్ని తనవైపు లాగుతుంది. మనం బడిలో జశ్త్వ సంధి పేరుతో చదివినదే ఇది: దిక్, గజం కలిసి దిగ్గజం. పోలిష్‌లో ‘ఎంత బాగుంది’ అనే మాటకు రాతలో ‘యాక్’, ‘దొబ్జె’. పలకడంలో ‘యాగ్ దొబ్జె’. తిరగేసినా ఇదే తీరు: బామ్మను ‘బి’తో రాసి ‘బాప్కా’ అంటారు. వాక్, ఈశుడు కలిసి వాగీశుడైనట్టు అచ్చు ముందర కూడా సరళం చేసే అలవాటు దేశంలో కొన్నిచోట్లే ఉంది. ‘తండ్రిగారి సోదరుడు’ అనే మాటను వర్షావాలో ‘బ్రాత్ ఓయ్‌ౘా’ అంటే ఇక్కడ క్రాకుఫ్‌లో, అటు పొజ్నాన్‌లో ‘బ్రాద్ ఓయ్‌ౘా’ అంటారు. మినహాయింపు డబుల్యూ: పరుషం తర్వాత వస్తే అదే లొంగిపోయి ‘ఫ’ అవుతుంది. పువ్వును ‘క్ఫ్యాత్’ అంటారు. నియమం ఇంత సూటిగా ఉంటుంది కాబట్టి రాత చూసి బెదరవలసిన పని లేదు.

ఇప్పుడు మీ ఫోను సమావేశాలకు వద్దాం. ఈ అలవాటునే వాళ్లు ఇంగ్లీషులోకి తెస్తారు. ‘డాగ్’ ‘డాక్’ అవుతుంది, ‘బ్యాగ్’ ‘బ్యాక్’ అవుతుంది, కళ్లకూ మంచుగడ్డకూ ‘ఐస్’ ఒకటే అవుతుంది. నిజానికి ఇంగ్లీషువారు కూడా చివరి సరళాన్ని గట్టిగా మోగించరు. దాని ముందున్న అచ్చును సాగదీసి తేడా చూపుతారు. పోలిష్‌లో అచ్చుల నిడివికి అర్థంతో సంబంధం లేదు కాబట్టి ఆ ఆనవాలూ పోతుంది. నా తరగతుల్లో చివరి హల్లును సవరించే బదులు ముందున్న అచ్చునే పొడిగించమంటాను, ఫలితం త్వరగా కనిపిస్తుంది. ‘సింగ్’లోని చివరి అనునాసికం వాళ్లకు ‘క’, ‘గ’ల ముందు తప్ప రాదు. అందుకే చివర ‘గ’ చేర్చుకుంటారు, అది మళ్లీ ‘క’ అవుతుంది. ‘థింగ్’ వెళ్లి ‘థింక్’లో కలుస్తుంది. ఆ మొదటి ధ్వని కూడా పోలిష్‌లో లేదు. ‘ఫ’, ‘స’, ‘త’లలో ఏదో ఒకటి వస్తుంది, అందుకే ‘త్రీ’ కొందరి నోట ‘ఫ్రీ’ అవుతుంది. మనం మాత్రం ఏం తక్కువ, మన ‘థ’ కూడా అసలు ధ్వని కాదు. అంకెలు మాట్లాడేటప్పుడు మాత్రం రాతలో సరిచూసుకోండి. మాట మొదటి ‘హ’ గరగరగా వినిపిస్తే కోపమనుకోకండి. ఇంగ్లీషు ‘హ’ గొంతులో పుడుతుంది, వాళ్లది ‘క’ పుట్టే చోట ఒరుసుకుంటూ వస్తుంది.

‘ర’ గురించి చెప్పేది ఏమీ లేదు. మన ‘ర’ వాళ్ల ‘ర’. ఇంగ్లీషులా నాలుకను గాలిలో తేలనివ్వకండి, అంతే. ద్విత్వాలూ అంతే. ఇంగ్లీషులో ఒక మాట లోపల ఒత్తు పలకదు. పోలిష్‌లో స్నానపు తొట్టిని ‘వాన్నా’ అంటారు, మన ‘అన్న’లో ఉన్నట్టే నొక్కాలి. హల్లుల గుత్తులను చూసి భయపడేవారికి చెబుతున్నాను, ఎస్, జెడ్, సి, జెడ్ నాలుగూ వరుసగా వస్తే అవి రెండే హల్లులు: ‘ష్’, ఆ వెంటనే ‘ట్ష్’. వాటి మధ్య అచ్చు దూర్చకుండా ఉంటే చాలు.

అచ్చు దూర్చడమే మన ప్రాణాంతక అలవాటు. బస్సు, కారు, ఫోను అంటూ చివర ‘ఉ’ చేర్చనిదే మనకు మాట ముగిసినట్టు అనిపించదు. ఇంగ్లీషులో అలా అంటే యాస అనుకుని సర్దుకుపోతారు. పోలిష్‌లో అది విభక్తి. ‘దొమ్’ అంటే ఇల్లు, ‘దొము’ అంటే ఇంటి. ‘కొత్’ అంటే పిల్లి, ‘కొతు’ అంటే పిల్లికి. మీరు అనుకోకుండా చేర్చిన అచ్చు వాక్యంలో ఎవరు ఎవరికి ఏం చేశారో మార్చేస్తుంది. కాబట్టి మొదటి వారం ఊష్మాల జోలికి పోకండి. ‘కొత్’, ‘దొమ్’, ‘నొౘ్’, ‘హ్లెప్’ వంటి పొట్టి మాటలను చివర పెదవులు లేదా నాలుక గట్టిగా మూసి, ఆ తర్వాత చిన్న ఊపిరి మాత్రమే వదిలి పలకండి. చేతి ఫోనులో రికార్డు చేసుకుని వింటే చివరి ‘ఉ’ మీకే దొరుకుతుంది.

రెండో వారం నుంచి ‘వ’ల జంట, ఆ తర్వాత కాసా, కాషా, కాశా, చిట్టచివర జెడ్ కుటుంబం. ప్రతి దశలోనూ ఒక పని చేయండి. జంట మాటలను కాగితం మీద క్రమం లేకుండా రాసుకుని చదవండి. పోలిష్ సహోద్యోగిని ఆ కాగితం చూడకుండా, తనకు ఏ మాట వినిపించిందో రాయమనండి. బాగుందా అని అడిగితే మర్యాదకు బాగుందంటారు, దానివల్ల ఉపయోగం లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏ జంట దగ్గర లెక్క తప్పిందో దానిమీదే ఆ వారం కూర్చోండి. ‘వ’ల దగ్గర ఎక్కడ ఆగిపోయారో ఇక్కడ రాస్తే పెదవుల విషయం ఇంకాస్త వివరంగా చెబుతాను.